షాక్ కొట్టిన థర్మోకోల్ కటింగ్ బల్ల: నైక్రోమ్ తీగ, కాయిల్ కొత్తగా కట్టి పరీక్షించిన కేసు

ఒంగోలులో పెళ్లి మండపాలకీ వినాయక చవితి పందిళ్లకీ థర్మోకోల్ అక్షరాలు, తోరణాలు కోసిచ్చే ఒక డెకరేషన్ షాపు. కటింగ్ బల్ల మీద తీగ తెగింది. తెగిన కొసను పక్కకి జరపబోయిన పనివాడికి మోచేయి దాకా షాక్ కొట్టింది. చెయ్యి వెనక్కి విసిరినట్టు రావడంతో బయటపడ్డాడు. షాపువాళ్ల సందేహం ఒక్కటే: "మీటరు పెడితే తీగ మీద పన్నెండు వోల్టులే చూపిస్తందండీ. పన్నెండు వోల్టులకి షాకెట్టా కొడుతుంది?"

ఈ కేసు మొత్తం ఆ ప్రశ్నలోనే ఉంది. సమాధానం తెలియకుండా తీగ మార్చి చేతులు దులుపుకుంటే, ఈసారి చెయ్యి వెనక్కి రాకపోవచ్చు.

పాత బల్లలో ఏముంది

ట్రాన్స్‌ఫార్మర్ లేదు. రెండు 200 వాట్ల ఫిలమెంట్ బల్బులు ఒకదానికొకటి పారలల్‌గా కట్టి, వాటితో సిరీస్‌లో 75 సెం.మీ. నైక్రోమ్ తీగ (హీటర్లలో వాడే నికెల్, క్రోమియం మిశ్రమం) పెట్టారు. అవతల రెండు పిన్నుల ప్లగ్గు, నేరుగా ఇంటి కరెంటు. పాతకాలం నుంచి చాలా షాపుల్లో ఉన్న ఏర్పాటే.

లెక్క చూద్దాం. 230 వోల్టుల మీద వెలిగే ఒక్కో 200 వాట్ల బల్బు సుమారు 264 ఓమ్‌లు. రెండు పారలల్‌లో 132. తీగ 7.4 ఓమ్‌లు. మొత్తం దాదాపు 140 ఓమ్‌లు, అంటే 1.65 ఆంపియర్ల కరెంటు. తీగ రెండు కొసల మధ్య 12 వోల్టులు, అందులో పుట్టే వేడి 20 వాట్లు. పని బాగానే నడుస్తుంది. ఆ 20 వాట్ల కోసం బల్బులు 360 వాట్లు ఊరికే కాలుస్తాయన్నది ఇక్కడ చిన్న విషయం.

పెద్ద విషయం ఏంటంటే, మీటరు చూపించిన 12 వోల్టులు తీగ ఒక కొస నుంచి ఇంకో కొసకి. మనిషి నిలబడింది నేల మీద. తీగ నుంచి నేలకి ఎంత ఉందన్నది ఎవరూ కొలవలేదు. ప్లగ్గు ఒకవైపు పెడితే తీగ న్యూట్రల్ పక్కన పడుతుంది, అప్పుడు ముట్టుకున్నా పెద్దగా తెలియదు. అదే ప్లగ్గు తిప్పి పెడితే తీగంతా ఫేజులో ఉంటుంది. రెండు పిన్నుల ప్లగ్గుకి ఎటైనా ఒకటే కాబట్టి, ఏ రోజు ఎటు పెట్టారో ఎవరికీ గుర్తుండదు. సరైన వైపు పెట్టినా తీగ తెగిన క్షణాన కరెంటు ఆగిపోతుంది, బల్బుల మీద వోల్టేజి పడటం మానేస్తుంది, బల్బుల వైపు కొస మీద పూర్తి 230 వోల్టులు కూర్చుంటాయి. చెమట చేతి మనిషి శరీరం 2000 ఓమ్‌లు అనుకుంటే, మధ్యలో ఉన్న 132 ఓమ్‌ల బల్బులు అడ్డమే కాదు. వంద మిల్లీఆంపియర్లు దాటి పోతుంది. ప్రాణం మీదకి రావడానికి 30 చాలు.

పైగా తీగ తెగగానే బల్బులు ఆరిపోతాయి. "బల్బు ఆరింది, కరెంటు పోయింది" అనుకుని చెయ్యి పెట్టేది సరిగ్గా అప్పుడే. అందుకే ఈ బల్లకి రిపేరు చెయ్యలేదు. విప్పేసి కొత్తగా కట్టాం.

ముందు కాగితం మీద

తీగను వేడి చెయ్యడం ఎవరైనా చేస్తారు. ఏ భాగం చెడిపోయినా తీగ ఎర్రబడకుండా, మనిషికి తగలకుండా ఉండేలా అంకెలు ముందే కుదుర్చుకోవడం అసలు పని. ఈ బల్లకి పెట్టుకున్న నియమాలు రెండు. తీగకీ ఇంటి కరెంటుకీ మధ్య పూర్తి ఐసొలేషన్ ఉండాలి, అంటే రెండింటికీ నేరుగా వైరు కలవకూడదు. వోల్టేజి తగ్గించే మాడ్యూల్ షార్టయి సప్లై మొత్తం తీగ మీద పడ్డా అది ఎర్రగా వెలగకూడదు.

మొదటిదానికి 12 వోల్టుల 5 ఆంపియర్ల ఎస్ఎంపీఎస్ (ఇంటి కరెంటును తక్కువ వోల్టుల డీసీగా మార్చే సప్లై), సీసీ కెమెరాలకి పెట్టే రకం. రెండోదానికి తీగ సైజూ పొడవూ లెక్కలోంచే రావాలి. 80/20 నైక్రోమ్‌కి (80 శాతం నికెల్, 20 శాతం క్రోమియం) మీటరుకి నిరోధం ఇలా ఉంటుంది: 26 ఎస్‌డబ్ల్యుజి (బ్రిటిష్ గేజి కొలత), అంటే 0.457 మి.మీ. మందం, 6.65 ఓమ్‌లు. 28 ఎస్‌డబ్ల్యుజి, 0.376 మి.మీ., 9.8 ఓమ్‌లు. 30 ఎస్‌డబ్ల్యుజి, 0.315 మి.మీ., 14 ఓమ్‌లు.

థర్మోకోల్ షీటు వెడల్పు అర మీటరు. అటూ ఇటూ చోటు వదిలి 75 సెం.మీ. తీగ తీసుకుంటే 28 గేజిలో 7.4 ఓమ్‌లు. 10 వోల్టులకి 1.35 ఆంపియర్లు, 13.5 వాట్లు, అంటే మీటరు తీగకి 18 వాట్లు. మామూలు డెకరేషన్ థర్మోకోల్‌కి ఇది సరిపోతుంది. మాడ్యూల్ షార్టయి 12 వోల్టులూ పడ్డాయనుకోండి: 1.62 ఆంపియర్లు, మీటరుకి 26 వాట్లు. తీగ కాస్త ఎక్కువ వేడెక్కుతుంది, అంతే. అదే 24 వోల్టుల సప్లై పెట్టి 10కి తగ్గించుకుని ఉంటే, మాడ్యూల్ చెడిన రోజున 3.2 ఆంపియర్లు, 78 వాట్లు పడి తీగ ఎర్రగా కాలి థర్మోకోల్ అంటుకునేది. "పెద్ద సప్లై ఉంటే ముందుముందు పనికొస్తుంది కదా" అని షాపువాళ్లు అడిగారు. ఈ ఒక్క లెక్క వల్ల వద్దన్నాం.

తగ్గించడానికి ఎక్స్‌ఎల్ 4015 చిప్పున్న బక్ మాడ్యూల్ పెట్టాం. ఎల్ఎం 2596 మాడ్యూల్ 3 ఆంపియర్లని రాసుకుంటారు గానీ రెండు దాటేసరికి బాగా కాగిపోతుంది. ఎల్‌ఈడీ స్ట్రిప్ డిమ్మర్ కూడా పనిచేస్తుంది, చవక కూడా. కాకపోతే అది కరెంటును ముక్కలుగా కోసి పంపుతుంది కాబట్టి మామూలు మీటరులో వోల్టులు, ఆంపియర్లు నమ్మలేం. పరీక్షంతా మీటరు రీడింగుల మీదే నడిచేటప్పుడు నికరమైన డీసీ ఇచ్చే బక్ మాడ్యూలే మేలు.

12 వోల్టుల వైపు 2 ఆంపియర్ల గాజు ఫ్యూజు. పెద్దది వెయ్యొద్దు. 1.62 దగ్గర పోకుండా, ఏదైనా షార్టయితే వెంటనే పోయేలా ఎంచుకున్న అంకె అది.

తీగ నిజంగా అదేనా

అంగట్లో "28 నైక్రోమ్" అని అడిగితే వచ్చేది 28 ఎస్‌డబ్ల్యుజి కావచ్చు, ఏడబ్ల్యుజి (అమెరికన్ గేజి కొలత) కావచ్చు, కాంతల్ (ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిసిన వేరే హీటర్ తీగ) కావచ్చు. ఆన్‌లైన్లో వేపింగ్ (ఈ-సిగరెట్) కాయిల్ తీగ అని చిన్న రీళ్లలో అమ్మేవన్నీ ఏడబ్ల్యుజి అంకెలే. 28 ఏడబ్ల్యుజి అంటే 0.321 మి.మీ. మాత్రమే, మీటరుకి 13.5 ఓమ్‌లు. ఆ తీగ 75 సెం.మీ. పెడితే 10 ఓమ్‌లు దాటి, మనం లెక్కేసుకున్న 10 వోల్టులకి చాలినంత వేడి రాదు. అప్పుడు పెద్ద సప్లై తెచ్చి తగిలిస్తారు, కథ మళ్లీ మొదటికొస్తుంది. (తీగ కొనడం తప్పు కాదు గానీ, ఈ-సిగరెట్ల తయారీ, అమ్మకం, నిల్వ, ప్రచారం 2019 చట్టం కింద దేశమంతా నిషేధం. ఆ పరికరాల్లోలాగా తీగను విడి 18650 లిథియం సెల్లుకి తగిలించే అలవాటు కూడా ఈ బల్ల దగ్గరికి రానివ్వొద్దు. రక్షణ సర్క్యూట్ లేని సెల్లు షార్టయితే పదుల ఆంపియర్లు ఒక్కసారిగా వదులుతుంది, సెల్లే అంటుకుంటుంది.)

కాబట్టి తీగ రాగానే సరిగ్గా మీటరు పొడవు కొలిచి నిరోధం చూడాలి. ముందు మీటరు పుల్లలు రెండూ కలిపి పట్టుకుని ఎంత చూపిస్తుందో రాసుకోవాలి. మామూలుగా 0.2 నుంచి 0.5 ఓమ్ ఉంటుంది, దాన్ని తీసెయ్యాలి. 9.8కి దగ్గరగా వస్తే మన తీగే. 1.3 దగ్గర వస్తే అది నైక్రోమే కాదు, ఇనుప తీగ. 13కి అటూ ఇటూ వస్తే చిక్కు: అది 28 ఏడబ్ల్యుజి నైక్రోమ్ కావచ్చు, 28 ఎస్‌డబ్ల్యుజి కాంతల్ కావచ్చు. రెండింటి ఓమ్‌లూ దాదాపు ఒకటే. అయస్కాంతం పెడితే తేలిపోతుంది. కాంతల్‌లో ఇనుము ఉంది, అతుక్కుంటుంది. 80/20 నైక్రోమ్ అతుక్కోదు. కాంతల్ ఒకసారి బాగా కాగాక పెళుసెక్కుతుంది, వంచితే విరుగుతుంది. రోజూ బిగింపులు మార్చే బల్లకి అది పనికిరాదు.

తర్వాత తీగను బొటనవేలు, చూపుడువేలు మధ్య నిదానంగా లాగుతూ పోవాలి. మెలికపడి విప్పిన చోటు, ప్లయర్ పళ్లు దిగిన చోటు వేలికి తెలుస్తుంది. ఒకచోట మందం పదో వంతు తగ్గితే అక్కడ నిరోధం 23 శాతం పెరుగుతుంది. ఆ వేడి పోవడానికి ఉన్న ఒళ్లు మాత్రం తగ్గుతుంది. తెగేది అక్కడే. అలాంటి ముక్క కోసి పారెయ్యాల్సిందే, సాఫు చేసి వాడకూడదు.

బిగింపు

నైక్రోమ్‌కి టంకం అంటదు. పైనున్న క్రోమియం ఆక్సైడ్ పొర పట్టనివ్వదు, బలవంతాన అంటించినా వేడికి కరిగి జారిపోతుంది. ఇత్తడి బోల్టు, రెండు ఇత్తడి వాషర్లు, మధ్యలో తీగ ఒకటిన్నర చుట్టు, పైన నట్టు, దానిమీద లాక్ నట్టు. బోల్టులు కూర్చునేది 6 మి.మీ. హైలం (వేడికి తట్టుకునే, కరెంటు పారని బేకలైట్ రకం) షీటు ముక్కల మీద. చెక్కకి నేరుగా బోల్టు దించితే ఏడాదికి ఆ చోటు నల్లబడి వదులవుతుంది.

తీగ కాగితే సాగుతుంది. 200 డిగ్రీలు పెరిగితే 75 సెం.మీ. తీగ సుమారు 2 మి.మీ. పొడవవుతుంది. రెండు మిల్లీమీటర్లేగా అనుకుంటాం. కానీ రెండు వైపులా గట్టిగా బిగించిన తీగ 2 మి.మీ. పొడవైతే మధ్యలో దాదాపు 24 మి.మీ. కిందికి వేలాడుతుంది. పాత బల్ల మీద కోసిన షీట్లన్నీ మధ్యలో పల్లం పడటానికి కారణం ఇదే. తీగ పాతబడిందని మార్చుకుంటూ పోయారు గానీ తప్పు తీగది కాదు.

అందుకని ఒక కొస మాత్రమే స్తంభానికి బిగించాం. రెండో కొస ఒక చిన్న హైలం ముక్క మీద ఉన్న బోల్టుకి, ఆ ముక్క అవతలి రంధ్రంలో నైలాన్ తాడు, తాడు పుల్లీ మీదుగా దిగి కిలో తూకం రాయి. తీగ ఎంత సాగినా రాయి అంత కిందికి దిగుతుంది, లాగుడు మారదు. 28 గేజి తీగ ఏడు కిలోల పైచిలుకు బరువుకి గానీ తెగదు కాబట్టి కిలో దానికి లెక్కలోది కాదు. స్ప్రింగు పెట్టేవాళ్లూ ఉన్నారు, తప్పులేదు. స్ప్రింగులోంచి కరెంటు మాత్రం పోనివ్వకూడదు. అది కాగి బిగువు పోతుంది. పక్కనుంచి వేరే వైరు వెయ్యాలి. ఇక్కడ కదిలే కొసకి 1 చదరపు మి.మీ. ఫ్లెక్సిబుల్ వైరు వదులుగా తిప్పి, బోల్టు దగ్గర పది సెంటీమీటర్లు ఫైబర్ గ్లాస్ స్లీవ్ ఎక్కించాం. రాయి కింద ఒక డబ్బా ఉంటుంది. తీగ తెగితే రాయి కాలి మీద పడకూడదు.

తీగ మీదకి కరెంటు కాలితో నొక్కే పెడల్ స్విచ్ ద్వారానే వెళుతుంది. కాలు తీస్తే ఆగిపోవాలి. నొక్కిన పదిహేను సెకన్లకి వేడి నిలకడకొస్తుంది కాబట్టి, పని మధ్యలో వెలుగుతూ వదిలెయ్యాల్సిన అవసరమే లేదు.

అక్షరాల తీగ, దానికో కాయిల్

షాపుకి ఇంకో బిగింపు కావాలి. అక్షరాలు తిప్పి కోయడానికి నిలువుగా 20 సెం.మీ. తీగ. దానికి నిరోధం 1.96 ఓమ్‌లే. బక్ మాడ్యూల్‌ని 2.7 వోల్టులకి తగ్గిస్తే అదే 1.35 ఆంపియర్లొస్తాయి. అలా చేసేవాళ్లే ఎక్కువ. కానీ పొద్దున షీట్లకి 10 వోల్టులు పెట్టి, మధ్యాహ్నం అక్షరాలకి 2.7 చెయ్యడం ఒకరోజు మర్చిపోతారు. 10 వోల్టులు పడితే 5 ఆంపియర్లు, తీగ కళ్ల ముందే ఎర్రబడి తెగుతుంది. ఫ్యూజు ఆదుకోవచ్చు. కానీ ఫ్యూజు మీద భారం పెట్టి డిజైన్ చెయ్యకూడదు.

అందుకని తగ్గిన 5.4 ఓమ్‌లని కాయిల్‌గా చుట్టి, నిలువు తీగతో సిరీస్‌లో శాశ్వతంగా కట్టేశాం. ఇప్పుడు రెండు బిగింపులూ 7.4 ఓమ్‌లే. ఒకటే వోల్టేజి, ఒకటే ఫ్యూజు, మర్చిపోవడానికి ఏమీ లేదు.

కాయిల్‌కి అదే 28 గేజి తీగ పనికిరాదు. చుట్లు పక్కపక్కనే ఉంటే ఒకదాని వేడి ఇంకొకదానికి తగులుతుంది. నిటారు తీగకి సరిపోయే కరెంటు కాయిల్‌కి ఎక్కువైపోతుంది. 24 ఎస్‌డబ్ల్యుజి తీసుకున్నాం: 0.559 మి.మీ., మీటరుకి 4.44 ఓమ్‌లు. 5.4 ఓమ్‌లకి 122 సెం.మీ. కావాలి. బిగింపు కొసల కోసం రెండు వైపులా మరో పది సెంటీమీటర్లు వదిలి, ఆ పదినీ సగానికి మడిచి పురి పెట్టాలి. జంట తీగలో నిరోధం సగమే కాబట్టి బోల్టు దగ్గర వేడి తగ్గుతుంది. ఆ జంట కొసలు రెండూ కలిపి మొత్తానికి పావు ఓమ్ లోపే కలుపుతాయి.

చుట్టాల్సింది 10 మి.మీ. పింగాణీ గొట్టం మీద. నేరుగా గొట్టం మీదే చుడితే చెయ్యి వదలగానే నైక్రోమ్ విచ్చుకుని వదులైపోతుంది, చుట్లు జారి ఒకదాని మీదొకటి పడతాయి. కాబట్టి 8 మి.మీ. రాడ్ మీద బిగించి చుట్టాలి. విచ్చుకున్నాక గొట్టం మీదకి పట్టుగా ఎక్కుతుంది. రాడ్ సైజు తీగ బిగువును బట్టి అర మిల్లీమీటరు అటూ ఇటూ మారుతుంది, చిన్న ముక్క చుట్టి చూసుకోవాలి. గొట్టం మీద ఇది 37 చుట్లకి దగ్గరగా వస్తుంది.

చుట్లు తగలకుండా ఉండటానికి తీగతో పాటు అంతే లావు పురికొస జతగా పట్టుకుని రెండూ కలిపి చుట్టాలి. అయ్యాక పురికొస లాగేస్తే ఆ మందం మేర ఖాళీ మిగులుతుంది. కాయిల్ పొడవు నాలుగు సెంటీమీటర్ల పైన వస్తుంది. ఆ ఖాళీ అందానికి కాదు. రెండు చుట్లు తగిలితే కరెంటు ఆ చుట్టు తిరగకుండా అడ్డదారిన పోతుంది, నిరోధం తగ్గుతుంది. తగిలిన చోట చిన్న చిన్న నిప్పురవ్వలు లేచి తీగ తినేసుకుపోతుంది.

కాయిల్‌లో 10 వాట్ల వేడి పుడుతుంది. రేకు డబ్బాకి కిందా పైనా రంధ్రాలు కొట్టి, బల్ల కింద, థర్మోకోల్ పొట్టు పడని చోట పెట్టాలి. 5.6 ఓమ్‌ల 50 వాట్ల అల్యూమినియం బాడీ రెసిస్టర్ దొరికితే చుట్టే శ్రమ అక్కర్లేదు, రేకుకి బిగిస్తే చాలు. మేమైతే దొరికినచోట అదే కొనమంటాం.

పరీక్ష

వరస ముఖ్యం. ఒక మెట్టు దాటనిదే పై మెట్టుకి పోవద్దు.

ముందు కరెంటు లేకుండా. ఎస్ఎంపీఎస్ ప్లగ్గు ఫేజు, న్యూట్రల్ రెండూ కలిపి ఒకవైపు, 12 వోల్టుల కొసలు రెండూ కలిపి రెండోవైపు పట్టి 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటరు) చూడాలి. మంచి యూనిట్ వంద మెగాఓమ్‌ల పైన చూపిస్తుంది. రెండో మూడో మెగాఓమ్‌లు చూపిస్తే ఆ యూనిట్ ఎంత కొత్తదైనా పక్కన పెట్టెయ్యాలి. ఎస్ఎంపీఎస్ రేకు బాడీకి ఎర్త్ తప్పనిసరి. ఎర్త్ లేకపోతే లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల బాడీ మీద సగం వోల్టేజి కనిపిస్తుంది, ముట్టుకుంటే జివ్వుమంటుంది. షాపులో మూడో పిన్ను సాకెట్ ఉంది గానీ దాని వెనక వైరు లేదు. ఎర్త్ కొత్తగా లాగించి, మెయిన్లో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు నేలకి లీకైతే వెంటనే కట్ చేసే స్విచ్) పెట్టించాకే పని ముందుకు కదిలింది.

తర్వాత, లోడు లేకుండా ఎస్ఎంపీఎస్‌ని సిరీస్ బల్బు మీద, అంటే ఇంటి కరెంటుకీ దానికీ మధ్య ఒక ఫిలమెంట్ బల్బు పెట్టి, ఆన్ చెయ్యాలి. బల్బు ఒక్కసారి మినుక్కుమని ఆరితే మంచిది. నిండుగా వెలుగుతూ ఉంటే లోపల షార్టు. అది దాటాక తీగ లేకుండానే బక్ మాడ్యూల్‌ని 4 వోల్టులకి తిప్పి పెట్టాలి. చాలా మాడ్యూళ్లు అంగడి నుంచి ఎంతకో తిప్పి వస్తాయి.

ఇప్పుడు తీగ. 4, 6, 8, 10 వోల్టులు, ఒక్కోచోట రెండేసి నిమిషాలు. ఆంపియర్లు వరసగా 0.54, 0.81, 1.08, 1.35 రావాలి. నైక్రోమ్ నిరోధం ఈ వేడి దాకా అయిదు శాతం కూడా మారదు. కాబట్టి వోల్టుల్ని ఆంపియర్లతో భాగిస్తే ప్రతి మెట్టులోనూ 7.4కి దగ్గరగానే ఉండాలి. ఉండకపోతే తప్పు తీగలో కాదు, బిగింపులో.

ఈ బల్ల మీద సరిగ్గా అదే జరిగింది. చల్లగా 7.4 చూపించింది, 8 వోల్టుల దగ్గరకొచ్చేసరికి 7.9 అయి, ఇంకా పెరుగుతోంది. మీటరును మిల్లీవోల్టుల్లో పెట్టి ఒక పుల్ల తీగ మీద, ఇంకోటి బోల్టు తల మీద ఆనిస్తే కుడివైపు 6, ఎడమవైపు 480 మిల్లీవోల్టులు. ఎడమ బోల్టు విప్పితే వాషర్ కింద ఫైబర్ గ్లాస్ స్లీవ్ పోగు ఒకటి, వెంట్రుకంత సన్నది, తీగకీ ఇత్తడికీ మధ్య నలిగి ఉంది. స్లీవ్ కొస పీచులు పైకి లేవకుండా కత్తిరించి, బోల్టుకి అయిదు మిల్లీమీటర్లు దూరం జరిపి బిగిస్తే 8 మిల్లీవోల్టులకి దిగింది. బిగింపు మీద 20 మిల్లీవోల్టుల లోపుంటే మంచిది. వంద దాటితే అది అక్కడ ఆగదు. కాగుతుంది, కాగితే తుప్పెక్కుతుంది, తుప్పెక్కితే ఇంకా కాగుతుంది.

వేడి అంతటా సమానంగా ఉందా చూడటానికి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పనికిరాదు. దాని చూపు పడే వెడల్పులో ఈ తీగ వెంట్రుకంత, వెనకున్న గోడ వేడి కలిపి ఏదో అంకె చెబుతుంది. బిల్లుల మిషన్లో వాడే థర్మల్ పేపర్ చుట్ట తెచ్చుకోండి. 5 వోల్టుల దగ్గర కాగితం పట్టీని తీగ పొడవునా ఆనిస్తే నల్లటి గీత పడుతుంది. ఒకచోట గీత ముదురుగా, లావుగా పడితే అక్కడ తీగ సన్నబడింది. కాయిల్‌కీ ఇదే పరీక్ష. కాయిల్‌ని మొదటిసారి విడిగా 8 వోల్టుల మీద పది నిమిషాలు ఉంచాలి. చేతి జిడ్డు, నూనె పొగై పోతాయి. ఆ పొగ ఆగకపోతేనే అనుమానించాలి.

ఆఖరున మాడ్యూల్‌ని పక్కకి తప్పించి 12 వోల్టులూ నేరుగా ఇచ్చి, షాపు షట్టర్ దించి లైట్లార్పి చూశాం. తీగ కంటికి ఎరుపు కనిపించడం 525 డిగ్రీల దగ్గర మొదలవుతుంది. చీకట్లో కూడా ఏ చోటా ఎరుపు లేదు. మాడ్యూల్ చెడిన రోజున జరిగేది ఇంతేనన్నమాట. ఆ తర్వాత కరెంటు నడుస్తుండగానే, చేతికి గ్లౌజు తొడిగి, తీగను కట్టర్‌తో కావాలని తెంచాం. రాయి డబ్బాలో పడింది, కదిలే కొస ఏ ఇనుముకీ తగల్లేదు. తెగిన రెండు కొసల నుంచీ నేలకి మీటరు పెడితే ఎక్కడా ప్రమాదకరమైన వోల్టేజి లేదు. పాత బల్ల మీద షాక్ తిన్న పనివాడి ముందే ఈ కొలత తీసి చూపించాం.

కోతలో తేడాలు

10 వోల్టుల దగ్గర అర మీటరు వెడల్పు మామూలు షీటుకి సెకనుకి 5 మి.మీ. చుట్టుపక్కల జరుగుతుంది. మీటరు షీటుకి మూడు నిమిషాల పైమాటే. అంతకన్నా తోస్తే తీగ మధ్యలో విల్లులా వంగుతుంది, కోసిన ముఖం మీద గింజలు రేగుతాయి. ముఖం గాజులా మెరుస్తూ గాడి వెడల్పయితే వేడి ఎక్కువ. పొగ కంటికి కనిపిస్తే మరీ ఎక్కువ. థర్మోకోల్ కరిగితే చాలు, కాలకూడదు. 300 డిగ్రీలు దాటితే పాలీస్టైరీన్ విడిపోయి స్టైరీన్ ఆవిరి వస్తుంది, కళ్లు మండుతాయి, తల దిమ్మెక్కుతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ బల్ల వెనక ఉండాలి, గాలి మనిషి మొహం మీదుగా కాకుండా మనిషి వైపు నుంచి అవతలికి పోవాలి.

షీటు బయట మిగిలే తీగ, రెండు వైపులా పన్నెండేసి సెంటీమీటర్లు, లోపలి భాగం కన్నా ఎక్కువ కాగుతుంది. దాని వేడి లాక్కునే థర్మోకోల్ అక్కడ లేదు. ఆ భాగాన్ని కాయిల్ కొసల్లాగా జంట చేస్తే చల్లబడుతుంది గానీ, మొత్తం నిరోధం తగ్గి 12 వోల్టుల హద్దు లెక్క చెడిపోతుంది. అందుకే దాన్ని ముట్టుకోకుండా పైన జల్లెడ రేకు కప్పు పెట్టి వదిలేశాం.

సన్‌బోర్డు ఈ తీగ మీద కోయొద్దు, ఎంత చిన్న ముక్కైనా సరే. అది పీవీసీ. కాలితే హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆవిరి వస్తుంది. ఊపిరితిత్తుల్నీ పాడు చేస్తుంది, ఇత్తడి బోల్టుల్నీ తినేస్తుంది. రొయ్యల ప్యాకింగు నుంచి వచ్చిన పాత థర్మోకోల్ పెట్టెలు ఇటు కావలి, ఒంగోలు వైపు చవగ్గా దొరుకుతాయి, ట్రయల్ కోతలకి అవే తెచ్చి పెట్టారు. వాటిలో ఉప్పునీరు ఇంకి ఉంటుంది. తడికి తీగ ఒకచోట చల్లారి ఒకచోట కాగుతుంది, ఉప్పు బిగింపుల మీద చేరుతుంది. వద్దని చెప్పాం. ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చిన పెద్ద బ్లాకుల్లో పెంటేన్ వాయువు మిగిలి ఉంటుంది, అది మండేది. గాలి తగిలే చోట కొన్ని రోజులు ఆరబెట్టాకే కోయాలి. పొట్టు గోతాలు బల్లకి మీటరు దూరంలో, డ్రై పౌడర్ సిలిండర్ చేతికందే చోట.

అప్పగింత

బల్ల మీద ఒక కార్డు అంటించి ఇచ్చాం: తీగ 28 ఎస్‌డబ్ల్యుజి నైక్రోమ్, 75 సెం.మీ., 7.4 ఓమ్‌లు, 10 వోల్టులకి 1.35 ఆంపియర్లు, ఫ్యూజు 2. సోమవారం సోమవారం పని మొదలెట్టే ముందు ఆంపియర్లు చూసి కార్డు కింద రాయాలి. 1.30 కన్నా తగ్గితే బిగింపులు విప్పి తుడవాలి. కొత్తపట్నం వైపు నుంచి వీచే ఉప్పుగాలికి ఇత్తడి మీద పచ్చగా చిలుము పడుతుంది, సన్న ఎమరీ కాగితంతో రుద్ది వాషర్లు మార్చితే సరిపోతుంది. 1.42 దాటితే ఎవరో తీగ పొడవు తగ్గించి బిగించారని అర్థం, పని ఆపెయ్యాలి. ఫ్యూజు పోతే అదే సైజు ఫ్యూజు ఒక్కసారే వెయ్యాలి. రెండోసారీ పోతే పెడల్ మీద కాలు పెట్టకుండా ప్లగ్గు తీసి మాకు ఫోను చెయ్యమన్నాం. పాత బల్బుల బోర్డు షాపులో ఉంచలేదు. వైర్లు కత్తిరించి, హోల్డర్లు విప్పి పట్టుకొచ్చేశాం.